వెర్రి తెగులు – దానిని మోయు పురుగు

గత మాసమున ఒక సభ్యుడు వంగమొక్క నొకదానిని వేరుతో పెరికి తెచ్చి మన సంఘ కార్యాలయపు అరుగుమీద నుంచెను. "నా తోటలో అన్నిటికంటె ఈ మొక్కయే పచ్చగా నున్నది. గుబురుగా చిగిర్చుచున్నది. నీరు, ఎరువు అన్నిటితోపాటు దీనికిని పెట్టితిని. కాని యొక్క కాయయు కాయలేదు. ఇట్టివి మరి నాలుగు కలవు. ఉంచవలెనా, తీసివేయవలెనా?" అని యడిగెను. పచ్చని మొక్కను చేతులార పెరికివేయుటకు రైతునకు మనసు రాదు. అది సహజమే. కాని ఈ విషయమున ఆ కనికరము తోటకంతకును, ప్రక్కవాని తోటకును చేటు తెచ్చును. అదెట్లో ఈ వ్యాసమున మా శక్తికొలది వివరింతుము.

తెగులు లక్షణములు

సభ్యుడు తెచ్చిన మొక్కకు పట్టినది వెర్రి తెగులు. ఇది పట్టిన వంగమొక్కకు ఆకులు నానాటికి చిన్నవై, మెత్తబడి, లేతపసుపు కలిసిన పచ్చరంగు దాల్చును. ఆకుకాడలు పొట్టివై, ఆకు కొమ్మకు అంటుకొన్నట్లుండును. కణుపునకు కణుపునకు నడుమ దూరము తగ్గును. పండుకొని యుండవలసిన ప్రక్కమొగ్గలన్నియు ఒక్కమారుగా లేచి చిగిర్చుటచే మొక్క చీపురుకట్టవలె గుబురుగా కనిపించును. పూలు రావు, వచ్చినను రేకులు పచ్చబడి ఆకులవలె మారును. కాయ పట్టదు. మొక్క చావదు, ఫలింపదు. అందుచేతనే మన పెద్దలు దీనికి వెర్రి అని పేరిడిరి. నువ్వుచేలలో పూలు ఆకులై కాయ పట్టక పోవుటకును ఇదే పేరు వాడుకలో నున్నది. అదియు ఈ జాతి తెగులే. కాని దానిని మోయు పురుగు వేరు.

తడ ప్రాంతము 2022వ సంవత్సరమున తిరుపతి జిల్లాలో చేరినను, నేలయు సేద్యమును నెల్లూరు సీమవే. ప్రళయకావేరి సరస్సునకును పడమటి కొండలకును నడుమ నున్న ఈ నేలలలో వరి, వేరుసెనగలతో పాటు బావులక్రింద కూరగాయలు వేయు చిన్న రైతులు కలరు. అట్టివారికి పది సెంట్ల వంగతోటయు ఇంటి ఖర్చునకు ఆధారమే. దానిలో మొక్కలు వెర్రియెత్తి పోయిన, పోయినది కాయ మాత్రమే కాదు; బావికి పోసిన డబ్బును, ఇంటిల్లిపాది చేసిన చాకిరియు పోయినవి.

కారణము తెలిసిన విధము

నెల్లూరు చెన్నరాజధానిలో భాగమై యున్న దినములలోనే, 1939వ సంవత్సరమున, కోయంబత్తూరునందలి తామస్, కృష్ణస్వామి అను శాస్త్రజ్ఞులు వంగలోని ఈ తెగులును వర్ణించిరి. దీనిని ఒక మొక్కనుండి మరియొక మొక్కకు దీపపు పురుగుల జాతిలోని యొక చిన్న పురుగు చేర్చుచున్నదని తేలినది. ఆ పురుగు గోధుమరంగు కలది. రెక్కలు ముడిచినపుడు వీపుమీద పలకవంటి మచ్చ కనబడును. ఆకు కదలించినంతనే ఎగిరి దుముకును. శాస్త్రజ్ఞులు దీనిని హిషిమోనస్ ఫైసైటిస్ అందురు.

తెగులును కలిగించునది వైరస్ అని చాలకాలము తలచిరి. 1967లో జపానుదేశమున డోయి మొదలగు శాస్త్రజ్ఞులు, వెర్రి వంటి తెగుళ్ళు పట్టిన మల్బరీ మొదలగు మొక్కల రసనాళములను ఎలెక్ట్రాను సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు వైరస్ గాక, చుట్టు గోడలేని మిక్కిలి చిన్న బాక్టీరియా వంటి జీవులుండుట కనుగొనిరి. టెట్రాసైక్లిన్ అను ఔషధము నిచ్చినపుడు తెగులు లక్షణములు కొంతకాలము తగ్గుటయు ఆ యేటనే చూచిరి. వైరసులపై ఆ ఔషధము పనిచేయదు గనుక అనుమానము తీరినది. ఈ జీవులకే నేడు ఫైటోప్లాస్మా అని పేరు. మన వంగలోని వెర్రికిని ఇవియే కారణము. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వేయవ వంతుకంటె చిన్నది. ఇది గాలిలో ఎగురదు, నీటిలో కొట్టుకొని పోదు, మట్టిలో కాపురముండదు. మొక్కలో ఆహారరసము పారు నాళములలోను, ఆ రసమును పీల్చు పురుగు దేహములోను తప్ప మరెక్కడను బ్రదుకజాలదు. కావున పురుగు లేనిదే దానికి దారి లేదు.

పురుగు తెగులునకు తోడ్పడు మూడు విధములు

పురుగునకును తెగులు బాక్టీరియాకును గల పొత్తు అన్నిచోట్ల నొక్కరీతిగా నుండదు. ముఖ్యముగా మూడు విధములు కలవు.

మొదటిది, కాలికి బురద అంటినట్లు ఒంటికి అంటించుకొని పోవుట. అమెరికాలో బేరిచెట్లకు వచ్చు మాడు తెగులు ఒక బాక్టీరియావలన కలుగుచున్నది. పూవునుండి పూవునకు దానిని తేనెటీగలు చేర్చుచున్నవని 1891లో వెయిట్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. పురుగు మొక్కతెగులు బాక్టీరియాను మోయునని లోకమునకు తెలిసినది అప్పుడే. అచట తేనెటీగకు ఆ బాక్టీరియాతో బాంధవ్యమేమియు లేదు. తేనెకై పోయినది, దానిని మోసినది, అంతే.

రెండవది, దొంగకు తలుపు తీసినట్లు దారి చూపుట. గూడూరు, వెంకటగిరి ప్రాంతముల నిమ్మతోటలు గల రైతులు గజ్జి తెగులు నెరుగుదురు. ఆకులమీద, రెమ్మలమీద, కాయలమీద బొబ్బలవలె గరుకు మచ్చలు లేచి కాయకు ధర పోవును. దాని బాక్టీరియా వానచినుకులతో, గాలితో చెదరి వ్యాపించును. కాని లేత ఆకు పొరలో పాముచాలువలె వంకరటింకరగా సొరంగము త్రవ్వు పురుగు పడినచో ఆ గాయములగుండ బాక్టీరియా సులభముగా లోపల ప్రవేశించును. పురుగు దానిని మోయలేదు, తలుపు తీసినది. కావుననే చిగురుకాలమున ఆ పురుగును అణచినచో గజ్జియు కొంత తగ్గును.

మూడవది, ఇంటిలో పెట్టుకొని పోషించుట. వెర్రి తెగులు ఈ మూడవ తెగకు చెందినది. రైతు బాగుగ తెలిసికొనవలసినది దీనినే.

పురుగు దేహములో జరుగునది

దీపపు పురుగు సూదివంటి నోటిని ఆకు ఈనెలలో గుచ్చి రసము పీల్చును. తెగులు మొక్కపై కూర్చున్నచో రసముతో ఫైటోప్లాస్మా దాని కడుపులో చేరును. అంతటితో అది వెంటనే తెగులును అంటింపలేదు. ఆ సూక్ష్మజీవి ప్రేగుగోడను దాటి, పురుగు నెత్తురు వంటి ద్రవములోనికి వచ్చి, అందు వృద్ధిపొంది, తుదకు నోటియొద్దనున్న లాలాగ్రంథులను చేరవలెను. దీనికి సాధారణముగా రెండు మూడు వారములు పట్టును. ఒక్కొక్కప్పుడు ఎక్కువయు పట్టును. అప్పటినుండి ఆ పురుగు మంచిమొక్కను గుచ్చినపుడెల్ల ఉమ్మితో తెగులును లోపలికి దించును. చచ్చువరకు దాని కీ గుణము పోదు.

దీనివలన రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది, తెగులు మొక్క మొదట కనబడిన దినమునకును, దానిపై పెరిగిన పురుగులు ప్రక్కమొక్కలను చెరచు దినమునకును నడుమ మనకు కొంత వ్యవధి కలదు. ఆ వ్యవధిలో మొక్కను తీసివేసిన పురుగునకు తెగులు దొరకు చోటే తప్పును. రెండవది, ఒక్కసారి తెగులు తలకెత్తుకొన్న పురుగు ఎన్ని తోటలు తిరిగినను దానిని వదలదు. కావున ఆలస్యమునకు ఫలము తోటంతయు అనుభవించును.

మొక్కను పురుగునకు పుట్టినిల్లుగా మార్చుట

ఇక మిక్కిలి విచిత్రమైన సంగతి. మొక్క గుబురుగా చిగిర్చుట యాదృచ్ఛికము కాదు. ఇంగ్లండులో నారిచ్ పట్టణమునందలి జాన్ ఇన్నెస్ పరిశోధనాలయమువారు ఈ జాతికి చెందిన వేరొక ఫైటోప్లాస్మాను ఆవజాతి చిన్నమొక్కపై పరీక్షించిరి. పురుగు కొరికినపుడు ఆత్మరక్షణకై మొక్క తనలో ఒక రసాయనమును పుట్టించుకొనును. ఈ సూక్ష్మజీవి విడుచు ఒక మాంసకృత్తు ఆ రసాయనమును తగ్గించి మొక్కను నిరాయుధను చేయుచున్నదని వారు 2011లో ప్రకటించిరి. తెగులు పట్టిన మొక్కలపై దీపపు పురుగులకు మామూలుకంటె నూటికి 60 వంతులు ఎక్కువ పిల్లలు పుట్టినవి. పూలను ఆకులుగా మార్చునది మరియొక మాంసకృత్తు. అది గల మొక్కలమీద పురుగులు ఎక్కువగా చేరుచున్నవని 2014లో వెల్లడించిరి.

ఆ పరీక్షలు వంగపై జరిగినవి కావు. కాని వంగలోని వెర్రి లక్షణములు అట్టివే. లేత ఆకు, మెత్తని రెమ్మ, ఎడతెగని చిగురు; ఇవన్నియు మనకు నిరుపయోగములు, రసము పీల్చు పురుగునకు విందు. మొక్క ఇక తనకై బ్రదుకుట లేదు. తన బలమును, మనము పోసిన నీటిని, ఎరువును సూక్ష్మజీవికిని, దాని వాహనమునకును ధారపోయుచున్నది. సభ్యుని తోటలో అన్నిటికంటె పచ్చగా నున్న ఆ మొక్క నిజమునకు శత్రువుల ధాన్యపుకొట్టు.

చీనీ, నిమ్మ తోటలవారికి హెచ్చరిక

ఇట్టి పొత్తే చీనీ తోటలలో గ్రీనింగు తెగులు విషయమునను కలదు. దాని బాక్టీరియాయును రసనాళములలోనే కాపురముండును. మోయునది సిల్లా అను 3, 4 మిల్లీమీటర్ల పురుగు. ఇది తల క్రిందికి వంచి, తోక పైకెత్తి, వాలుగా కూర్చుండుటచే సులభముగా గుర్తింపవచ్చును. పిల్లపురుగులు లేతచిగుళ్ళపై నుండి మైనపుదారముల వంటి తెల్లని విసర్జనమును విడుచును. ఆడపురుగు లేతచిగురుమీదనే గ్రుడ్లు పెట్టును; తన జీవితకాలమున 800 వరకు పెట్టగలదు. పిల్లదశలో బాక్టీరియాను పీల్చిన పురుగు పెద్దదైన పిదప తెగులును బాగుగ వ్యాపింపజేయును.

తెగులు సోకిన చెట్టు ఒక విధమగు వాసనను వెలువరించి సిల్లాను పిలుచుననియు, వచ్చి రసము పీల్చిన పురుగు అచట పోషణ చాలక మంచిచెట్టునకు లేచిపోవుననియు ఫ్లోరిడాలో జరిగిన పరిశోధనలో 2012లో తేలినది. పిలుచుటయు, సాగనంపుటయు రెండును బాక్టీరియాకు లాభములే.

మనదేశమున గ్రీనింగు తెగులు 1966లో నిర్ధారితమైనది. సిల్లాయే దానిని మోయుచున్నదని మరుసటి యేడు, 1967లో, కపూర్ మొదలగు శాస్త్రజ్ఞులు చూపిరి. ఆంధ్రదేశపు చీనీ తోటలలోను ఇది కానవచ్చినది. ఆకు నడిమి ఈనెకు ఇరుప్రక్కల సమానముగా లేని పసుపుమచ్చలు, ఒకవైపు వంగిన చిన్నకాయలు, పండినను అడుగున పచ్చగా నుండుట, గింజలు తాలుపోవుట దీని గురుతులు. నిమ్మ చీనీకంటె కొంత తట్టుకొనును. అయినను సిల్లా నిమ్మచిగురుపైనను పెరుగును. పెరటిలోని కరివేపాకు చెట్టు దానికి మరింత ఇష్టము. కరివేపాకులో తెగులు నిలువదు గాని పురుగులు తామరతంపరగా పుట్టును. కావున తోటప్రక్కన కరివేపాకు గలవారు దాని చిగుళ్ళనుగూడ కనిపెట్టి యుండవలెను.

ఈ తెగులునకు లొంగిన దేశముల గతి వినదగినది. ఫ్లోరిడాలో సిల్లా 1998లోను, తెగులు 2005లోను బయటపడినవి. 2003–04లో అచట 24 కోట్ల 20 లక్షల పెట్టెల నారింజలు పండెను. 2022–23 నాటికి పంట 1 కోటి 60 లక్షల పెట్టెలకు లోబడెను. పెట్టె యొక్కటి సుమారు 40 కిలోలు. తుపానులును కొంత కారణమే గాని ముఖ్యకారణము ఈ తెగులే. బ్రెజిలుదేశమున 2004లో తెగులు కనబడగనే తోటలు తిరిగి చూచి తెగులు చెట్లను పెరికివేయవలెనని కట్టుబాటు చేసిరి. అచట అనుభవమున తేలినదేమన, తోట నడుమ కంటె అంచున నున్న చెట్లకే తెగులు ముందుగా వచ్చుచున్నది. అనగా తన తోటలో పుట్టినదానికంటె ఇరుగుపొరుగునుండి వచ్చినదే ఎక్కువ. ఇరుగుపొరుగువారు కలిసి పనిచేసిన చోట తెగులు నెమ్మదించినది. ఒకడు పెరికి మరియొకడు ఊరకున్న చోట పెరికినవాని శ్రమ వృథయైనది.

మనము చేయవలసిన పనులు

మందు చల్లినచో చాలదా అని కొందరడుగుదురు. మొక్కలోపల చేరిన సూక్ష్మజీవిని పురుగుమందు తాకజాలదు. వెలుపలినుండి వచ్చిన పురుగు మందు తగిలి చచ్చులోపల గుచ్చవలసిన మొక్కను గుచ్చి పోవచ్చును. టెట్రాసైక్లిన్ వంటి ఔషధముతో ఆకులు కొన్నాళ్ళు తేరినట్లు కనబడినను, ఆపినంతనే తెగులు మరల తలయెత్తును. తెగులు పట్టిన మొక్కకు చికిత్స లేదు. కావున సభ్యులు ఈ క్రింది పనులు చేయవలెనని మా సలహా.

1. నారుమడినుండియే జాగ్రత్త వహింపవలెను. నారుమడిపై సన్నని వల కప్పినచో పురుగు సోకదు. లేతనాట సోకిన మొక్క ఒక్క కాయయు ఈయదు.

2. నాటిన పదునైదు దినములనుండి వారమున కొకసారి ప్రతి చాలును నడిచి చూడవలెను. ఆకులు చిన్నవైన మొక్క కనబడగనే సంకోచింపక తీసివేయవలెను. ఎండ ముదరకముందు పురుగులు మందముగా నుండును. అప్పుడు మొక్కపై సంచి కప్పి, మూతి కట్టి, వేరుతో పెరికి, తోటకు దూరముగా పాతిపెట్టవలెను లేదా కాల్చవలెను. ఊరక పెరికి గట్టుమీద పారవేసినచో పురుగులు ప్రక్కమొక్కలపై కెగురును.

3. ఒకసారి పెరికి ఊరకుండరాదు. లోపల తెగులు చేరియు పైకి కనబడని మొక్కలు పిదప బయటపడును. మరి ఆరు వారములు విడువక చూడవలెను.

4. కాపు ముగిసిన వంగతోటను కొట్టి మరల చిగిర్పింప ప్రయత్నింపరాదు. పాతతోట ప్రక్కన క్రొత్తనారు నాటరాదు. గట్లమీది ఉమ్మెత్త, బిళ్ళగన్నేరు మొక్కలలోను ఈ తెగులు దాగియుండును; వానిని తీసివేయవలెను.

5. 100 లీటర్ల నీటికి 5 కిలోల వేపగింజల పప్పు పొడి చొప్పున నానబెట్టి, వడగట్టిన కషాయము పురుగులు వాలకుండ కొంత కాపాడును. అంతకంటె బలమైన మందులు వ్యవసాయాధికారి చెప్పినమీదట, చెప్పిన మోతాదులోనే వాడవలెను. అక్కరలేని మందు అక్షింతల పురుగుల వంటి మిత్రులను చంపును. సిల్లాపిల్లలపై గ్రుడ్లు పెట్టి వానిని నాశనము చేయు టామరిక్సియా అను చిన్న కందిరీగయు మందునకు చచ్చును.

6. నిమ్మ, చీనీ మొక్కలను సంతలో దొరకినవి కొనక, తెగులులేని తల్లిచెట్లనుండి అంటు కట్టినవే తెచ్చుకొనవలెను. ఈ తెగులు అంటుపుల్లద్వారా గూడ వచ్చును. వెంకటగిరికి సమీపమున పెట్లూరులోను, తిరుపతిలోను గల పరిశోధన స్థానములవారిని అడిగి తెలిసికొనుట మేలు.

పై పనులలో దేనికిని పెద్ద ఖర్చు లేదు. కాని ఒక్కడు చేసిన చాలదు. గట్టు మన పొలమునకు హద్దు. ఎగురు పురుగునకు కాదు. ఒకని తోటలో వదలిన నాలుగు వెర్రిమొక్కలు చుట్టునున్న పది తోటలకు విత్తనములగును. పొరుగువాని తోటలో తెగులు మొక్కను చూచి చెప్పుట తప్పుపట్టుట కాదు. చెప్పించుకొనుట అవమానమును కాదు. మన సభ్యులు ఈ మాటను మనసున నుంచుకొందురుగాక.

వంగతోటలు గల సభ్యులు గ్రామమునకు ఒక దినమును నిర్ణయించుకొని, వారమున కొకసారి అందరును ఒకేనాడు తమ తమ తోటలు చూచి, పెరికిన మొక్కల లెక్కను సంఘ కార్యాలయమున వ్రాయింపగోరుచున్నాము. ఏ ప్రక్క తెగులు హెచ్చుచున్నదో, ఏ ప్రక్క తగ్గుచున్నదో ఆ లెక్కవలన తెలియును.

మొక్కను తెచ్చిన సభ్యునకు ఈ సంగతులన్నియు చెప్పితిమి. అతడు కొంతసేపు ఊరకుండి, "అయినచో మిగిలిన నాలుగును రేపు తెల్లవారకముందే తీసెదను. మా ప్రక్కతోట అన్నగారికిని చెప్పెదను" అని లేచి పోయెను. ప్రతి తోటలోను అంతమాత్రము జరిగిన చాలును.